శ్రీహరికోట రాకెట్లూ, వాటిని నడిపిన ప్రోగ్రాములూ

సూళ్లూరుపేట కాళంగి నది ఒడ్డున, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద, చెన్నైకి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణం. చెంగాళమ్మ ఆలయం, పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోలు, నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు ఈ ప్రాంతానికి పాత గుర్తింపు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరే దాకా ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. పట్టణం నుంచి తూర్పుగా బయలుదేరే రోడ్డు పులికాట్ నీటి మధ్యగా సాగి శ్రీహరికోట దీవికి చేరుతుంది. దీవిలోని రాకెట్ ప్రయోగ కేంద్రానికి 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టారు. ఊళ్లో మాత్రం దాన్ని ఇప్పటికీ ‘షార్’ అనే అంటారు.

రాకెట్లు రాకముందు ఆ దీవి యానాదులది. అడవిలో తేనె, దుంపలు, మూలికలు, వంటచెరకు సేకరించి వాళ్లు బతికేవారు. అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసుకు వెళ్లేవి. ప్రయోగ కేంద్రం కోసం చాలా కుటుంబాలు తాతల నాటి తావులు వదిలిపెట్టాయి. షార్ చరిత్ర ఎవరు రాసినా ముందుగా చెప్పవలసింది ఆ కుటుంబాల సంగతే.

విక్రం సారాభాయ్ నాయకత్వంలో 1969లో ఈ దీవిని ఎంపిక చేశారు. తూర్పున సముద్రం ఉండడం వల్ల, ప్రయోగం విఫలమైనా శకలాలు ఊళ్ల మీద పడవు. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక, తూర్పుకు వదిలిన రాకెట్‌కు ఆ వేగం కలిసివస్తుంది. భూమధ్యరేఖకు సుమారు 14 డిగ్రీల దూరంలోనే ఉండడం వల్ల ఆ కలిసివచ్చే వేగం కూడా ఎక్కువే. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న పరిశోధక రాకెట్‌తో కేంద్రం పని మొదలైంది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ గడ్డ మీద నుంచి ఆర్యభట ఎగిరినప్పుడు, దాని సంకేతాలు అందుకున్న కేంద్రాల్లో శ్రీహరికోట ఒకటి.

ఇక్కడి ప్రయోగాల చరిత్ర సాధారణంగా రాకెట్ల పేర్లతో, తేదీలతో సాగుతుంది. దాన్ని కంప్యూటర్ల వైపు నుంచి చూస్తే ఒక ప్రశ్న పదేపదే ఎదురవుతుంది. చివరి క్షణంలో ‘ఆగు’ అనే అధికారం ఎవరిది? మనిషిదా, ప్రోగ్రాముదా?

1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగం. కౌంట్‌డౌన్ చివరి దశలో తనిఖీ బాధ్యత కంప్యూటరుది. అది ఒక లోపం గుర్తించి ప్రయోగాన్ని నిలిపివేసింది. నియంత్రణ వ్యవస్థలో ద్రవం కారుతున్నట్టు తేలినా, మిగిలినది సరిపోతుందని నిపుణులు లెక్క చెప్పారు. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం కంప్యూటరు మాటను పక్కనపెట్టి ప్రయోగానికి అనుమతి ఇచ్చారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో రాకెట్ అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలింది. ఈ నిర్ణయం గురించి కలాం తర్వాతి కాలంలో ఎన్నో సభల్లో దాపరికం లేకుండా చెప్పారు. 1980 జులై 18న రెండో ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఎస్‌ఎల్‌వీ-3 ముందే లెక్కగట్టి నిల్వచేసిన దారిలో వెళ్లే రాకెట్. గాలి పక్కకు నెడితే తన దిశను సర్దుకుంటుంది తప్ప, తప్పిన దారికి బదులు కొత్త దారి వెతుక్కోదు. తర్వాత వచ్చిన ఏఎస్‌ఎల్‌వీలో ఆ శక్తిని పెట్టారు. తానెక్కడ ఉందో, ఎంత వేగంతో పోతోందో ఎగురుతూనే కొలుచుకుని దారి సరిచేసుకునే పద్ధతి అది. 1987లో, 1988లో రెండు ప్రయోగాలు విఫలమయ్యాయి. రెండుసార్లూ చిక్కు వచ్చింది పక్క మోటార్లు ఆరిపోయి ప్రధాన మోటారు పని అందుకోవలసిన ఆ కొద్ది క్షణాల్లోనే. 1992 మే 20న మూడో ప్రయోగం ఫలించింది.

సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోదగినది 1993 సెప్టెంబరు 20 నాటి కథ. ఆ రోజు మొదటి పీఎస్‌ఎల్‌వీ, ఐఆర్‌ఎస్-1ఈ అనే ఉపగ్రహంతో బయలుదేరింది. మోటార్లు అనుకున్నట్టే మండాయి. రెండో దశ విడిపోయే సమయంలో రాకెట్ ఊహించిన దానికంటే ఎక్కువగా కుదుపుకు లోనైంది. దాన్ని సరిచేయడానికి ఆటోపైలట్ ప్రోగ్రాము పెద్ద ఆదేశం ఇవ్వవలసి వచ్చింది. ఆ సంఖ్య ప్రోగ్రాము పట్టగల గరిష్ఠ విలువను దాటింది. పాత స్కూటరు మీటరు 99999 తర్వాత మళ్లీ సున్నాలకు తిరిగినట్టే, కంప్యూటరులో కూడా కేటాయించిన చోటు చాలకపోతే సంఖ్య అర్థం మారిపోతుంది. దాన్ని హద్దులో ఆపవలసిన వరుస సరిగా రాయలేదు. ముక్కును పైకీ కిందికీ తిప్పే నియంత్రణ దెబ్బతిని, రాకెట్ ఉపగ్రహంతో సహా సముద్రంలో పడింది.

భూమి మీద చేసిన పరీక్షల్లో ఆ లోపం బయటపడలేదు. అంత పెద్ద కుదుపు పరీక్షల్లో రాకపోవడమే కారణం. మామూలు పరిస్థితుల్లో ప్రోగ్రాము తప్పు లేకుండా నడిచింది. అసాధారణ పరిస్థితి ఒక్కసారి వచ్చింది, ఆ ఒక్కసారికే ఓడిపోయింది. మూడేళ్లు నిండకముందే, 1996 జూన్ 4న, ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరిన మొదటి ఏరియాన్-5 కూడా ఇదే జాతి తప్పుతో పేలిపోయింది. అక్కడ 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల చోటులో పెట్టబోయారు. ఐరోపా వారి వైఫల్యం ప్రపంచమంతటా ఇంజనీరింగ్ పాఠ్యాంశమైంది. శ్రీహరికోట ఉదాహరణ దానికంటే ముందుది, పాఠంగా దానికి ఏమాత్రం తీసిపోదు. అయినా మన తరగతి గదుల్లో ఏరియాన్ పేరే ఎక్కువగా వినిపిస్తుంది. ఇది సరిదిద్దుకోవలసిన విషయం. లోపాన్ని సవరించిన తర్వాత, 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ విజయం సాధించింది. 2017 ఫిబ్రవరి 15న ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను మోసింది ఆ రాకెట్ తరమే.

‘ఆగు’ అన్న కంప్యూటరు మాట విన్న సందర్భాలూ ఉన్నాయి. 2001 మార్చి 28న మొదటి జీఎస్‌ఎల్‌వీ కింద మంట కనిపించింది, పొగ లేచింది. రాకెట్ మాత్రం కదలలేదు. పక్క ఇంజన్లలో ఒకటి తగినంత బలం పుట్టించడం లేదని కంప్యూటరు గుర్తించి, ఎగరడానికి క్షణం ముందు అన్నింటినీ ఆర్పేసింది. అదే వాహనం మరమ్మతుల తర్వాత ఏప్రిల్ 18న ఎగిరింది. 2023 అక్టోబరు 21న, మనుషులను అంతరిక్షానికి పంపేందుకు తలపెట్టిన గగన్‌యాన్ పరీక్షా వాహనం కౌంట్‌డౌన్ అయిదు సెకన్లు ఉందనగా ఆగింది. కారణం కనిపెట్టి, సరిచేసి, ఉదయం పది గంటలకు మళ్లీ వదిలారు. 1979లో మనిషి కాదన్న మాటకు 2023 నాటికి ఎంత విలువ వచ్చిందో ఈ రెండు సంఘటనలే చెబుతాయి.

రాకెట్ లోపలి కంప్యూటరు, జేబులో ఫోను ఒకే కాలానివి కావు. 2009 నుంచి ఇస్రో వాహనాల్లో వాడిన విక్రమ్ 1601 ప్రాసెసర్ 16 బిట్లది. అప్పటికే చేతిలో పట్టే ఫోన్లు 32 బిట్లకు చేరాయి. రాకెట్‌కు కావలసింది ఆటల వేగం కాదు, కుదుపులోనూ వేడిలోనూ తప్పకుండా పనిచేసే నమ్మకం. దాని తర్వాతి తరం, 32 బిట్ల విక్రమ్ 3201, 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో పరీక్షకు నిలిచింది.

ఇళ్లలోని వస్తువులకు ఈ దీవితో సంబంధం ఆలస్యంగా ఏర్పడింది. తెలుగు ఇళ్లకు దూరదర్శన్‌ను చేర్చిన ఇన్‌శాట్-1బీ 1983 ఆగస్టులో అమెరికా స్పేస్ షటిల్‌లో వెళ్లింది. తర్వాతి పెద్ద ప్రసార ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం కౌరూ నుంచి ఎగిరాయి. షార్ పక్కనే ఉన్న సూళ్లూరుపేటలో టీవీ చూసినవాళ్లు కూడా ఏళ్ల తరబడి విదేశం నుంచి వెళ్లిన ఉపగ్రహాలు పంపిన బొమ్మలే చూశారు. దీవి నుంచి ఎగిరి నేరుగా జనం చేతికి వచ్చిన సేవ, మనం ఎక్కడున్నామో ఉపగ్రహాల ద్వారా చూపే నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న, ఏడోది 2016 ఏప్రిల్ 28న బయలుదేరాయి.

నావిక్ పనితీరు పూర్తిగా కాలం లెక్క. ప్రతి ఉపగ్రహం తన గడియారం చూపే సమయాన్ని పంపుతూ ఉంటుంది. అది ఎంత ఆలస్యంగా అందిందో చూసి ఫోను దూరం కడుతుంది. నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే తావు తేలుతుంది. సెకనులో పది లక్షలో వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. అందుకే పరమాణు గడియారాలు కావాలి. మొదటి ఉపగ్రహంలో విదేశం నుంచి తెచ్చిన మూడు గడియారాలూ చెడిపోవడంతో దానికి బదులుగా పంపినది 2017 ఆగస్టు 31న రాకెట్ కవచం విడిపోక వృథా అయింది. 2018 ఏప్రిల్‌లో మరొకటి వెళ్లింది. 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో దేశంలో తయారైన రుబీడియం గడియారం ఉంది. మామూలు ఫోన్ చిప్‌లు ఎక్కువగా వాడే ఎల్1 తరంగాన్ని కూడా అది పంపుతుంది. అంతకుముందు ఆ సౌకర్యం లేకపోవడమే నావిక్ ఫోన్లలోకి నెమ్మదిగా చేరడానికి ముఖ్య కారణం. 2020 జనవరిలో క్వాల్‌కామ్ నావిక్ పట్టే స్నాప్‌డ్రాగన్ చిప్‌లు ప్రకటించింది. 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 15 ప్రోలోనూ అది ఉంది.

2025 జనవరి 29 ఉదయం 6 గంటల 23 నిమిషాలకు ఎన్‌వీఎస్-02తో ఎగిరిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 శ్రీహరికోట నుంచి జరిగిన నూరో ప్రయోగం. రాకెట్ తన పని చేసింది. ఉపగ్రహంలో ఇంజన్‌కు ద్రవం వదలవలసిన వాల్వులు తెరుచుకోకపోవడంతో అది అనుకున్న కక్ష్యకు చేరలేదు.

ప్రయోగాల తేదీలు, ఉపగ్రహాల బరువులు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. కౌంట్‌డౌన్ ప్రోగ్రాములు రాసినవాళ్లు, రాత్రంతా కూర్చుని వరుస వరుసా సరిచూసినవాళ్లు తమ పని గురించి తెలుగులో రాసినది తక్కువ. తొలి తరం వాళ్లు ఇప్పటికే పెద్దవాళ్లయ్యారు. వాళ్ల మాటలను తెలుగులో రికార్డు చేసే పనిని తిరుపతి, నెల్లూరు విశ్వవిద్యాలయాలు వెంటనే చేపట్టాలి.