పెన్న ఒడ్డు కైఫీయతు

కడప సీమలో పల్లె చరిత్రకు ఉన్న పాత పేరు కైఫీయతు. ఊరు ఎవరు కట్టించారు, అడవి ఎవరు కొట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఏ ఖాజీకి ఎంత ఇనాం అన్న వివరాలు కరణాల కవిలెకట్టల్లో ఉండేవి. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి వదిలేశాక కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగారు. ఆ కవిలెలు చూసి, పెద్దవాళ్లను అడిగి రాయించిన కాగితాలకే కైఫీయతులన్న పేరు నిలిచింది. మాట అరబ్బీది, రాత తెలుగుది. అందులో కనిపించే రైతు, మజరా, కస్బా, తాలూకా, జమాబందీ, దస్తావేజు అన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చిన మాటలే. వీటిని తీసేస్తే పెన్న ఒడ్డున ఏ పల్లె అయినా తన కథ తాను చెప్పుకోలేదు.

ఈ సంగతి మొదటే చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు పెన్న ఒడ్డు పల్లెలు చూడటానికి జనం బాగా వస్తున్నారు. సెలవురోజుల్లో గండికోట లోయ అంచున కూర్చునే చోటు దొరకదు. ఇండియా గ్రాండ్ కాన్యన్ అంటున్నారు దాన్ని. మన లోయకు అమెరికా పేరు ఎందుకో మాకు అర్థం కాదు. గండి అన్న మాట చాలదా? రావడం మంచిదే, నడిచి చూడటం ఇంకా మంచిది. అయితే వచ్చినవాళ్లకు చెప్పే కథ మాత్రం చాలా పొట్టిది. రాజులు కట్టారు, తురకలు వచ్చి పడగొట్టారు. అంతే. ఆ ఒక్క వాక్యంలో మేం వచ్చినవాళ్లమే తప్ప ఉన్నవాళ్లం కాము. ఆ వాక్యాన్ని వెంటబెట్టుకుని పెన్న వెంబడి దిగువకు నడిచి చూద్దాం.

జమ్మలమడుగు నుంచి గండికోటకు పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్న పారే చోట, సుమారు మూడువందల అడుగుల నిట్టనిలువు బండల మీద కోట. పెమ్మసాని నాయకులు తరాల తరబడి ఏలిన కోట ఇది. లోపల మాధవరాయుడి గుడి, రంగనాథుడి గుడి, జుమ్మా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యపుకొట్టు ఉన్నాయి. చార్మినార్ అని పిలిచే పావురాల గోపురం, జైలు ఉన్నాయి. వీటన్నిటి మధ్య ఇప్పటికీ బతుకుతున్న ఊరూ ఉంది. మసీదు మినార్లు, గుడి గోపురం ఒక్క చూపులో పడతాయి. ఫోటోలు తీసేవాళ్లకు అందుకే ఆ చోటు ఇష్టం.

1650లో చిన్న తిమ్మానాయుడి చేతిలోంచి ఈ కోటను తీసుకున్నవాడు మీర్ జుమ్లా. ఇరాన్‌లోని అర్దిస్తాన్ అతనిది. నూనె వ్యాపారి కొడుకు. బతుకుదెరువు కోసం గోల్కొండ చేరాడు, వజ్రాల వ్యాపారంలో గడించాడు, అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో ఎదిగాడు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే ఇక్కడికొచ్చి అతన్ని కలిశాడు. గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయమని మయే అనే ఫ్రెంచి మనిషికి మీర్ జుమ్లా పని అప్పగించాడనీ, ఆ పని అతనివల్ల కాలేదనీ టావెర్నియే రాసిపెట్టాడు.

ఈ విషయాన్ని మేం దాచం, దాచాల్సిన అవసరమూ లేదు. విగ్రహాలు కరిగించమన్నది నిజమే. అలాగే, కొలువిచ్చిన గోల్కొండ నవాబుకే ఎదురు తిరిగి, 1656 నాటికి మొగలుల పక్షం చేరిందీ ఆ మీర్ జుమ్లాయే. అతనికి కావలసింది రాగి, వజ్రాలు, అధికారం. ఆ రాగి దేవుడి రూపంలో ఉందా, బిందె రూపంలో ఉందా అన్నది అతనికి పట్టలేదు. అతని పాపాన్ని మూడున్నర శతాబ్దాల తర్వాత, కోట గోడ పక్కన మేకలు కాసుకునే సాయిబు ఎందుకు మోయాలి? అతని వైభవాన్ని మాత్రం మేమెందుకు తలకెత్తుకోవాలి? మావాళ్లలోనూ ఆ జబ్బు ఉంది. ఉర్దూ మహఫిల్‌లో కూర్చుంటే చాలు, నవాబులంతా మా తాతలే అన్నట్టు మాట్లాడతారు. అప్పుడు ఒకవైపు వాక్యం ‘తురకలు పడగొట్టారు’ అంటుంది, మరోవైపు వాక్యం ‘మేం ఏలాం’ అంటుంది. రెండిట్లోనూ ధాన్యపుకొట్టు నింపినవాళ్లు లేరు, మసీదు రాళ్లు మోసినవాళ్లు లేరు.

గండికోట దగ్గరే పెన్నపై ఇప్పుడు జలాశయం ఉంది. దాన్ని నింపడానికి 2020లో తాళ్లప్రొద్దుటూరు జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. నష్టపరిహారం జాబితాలే ఆ ఊరికి కొత్త కైఫీయతు. లోయ అంచు నుంచి ఫోటోలో పచ్చగా మెరిసే నీళ్ల కింద ఊళ్లు ఉన్నాయని చూడవచ్చినవాళ్లకు ఎవరూ చెప్పరు.

దిగువకు వెళితే పుష్పగిరి. శివుడూ కేశవుడూ కలిసి ఉన్న చోటు. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, మేం ముందుకు సాగుతాం. దారిలోనే ఉన్న కడపనూ చివరకు ఉంచుకుందాం.

సిద్దవటం కోట పెన్నకు ఆనుకునే ఉంటుంది. మట్లి రాజులు రాతికోట కట్టారు, తర్వాత కడప నవాబులు ఉన్నారు. పఠానుల్లో మియానా వంశం వాళ్లు. 1779-80లో హైదర్ అలీ వాళ్ల రాజ్యాన్ని ముగించాడు. ముసల్మాను ముసల్మాను కోటనే పట్టుకున్నాడు, ఇందులో మతానికి పనేముంది? 1792లో శ్రీరంగపట్నం సంధితో ఇదంతా టిప్పు చేయి జారి నిజాంకు పోయింది. ఎనిమిదేళ్లకు కుంఫిణీకి పోయింది. ఇన్ని చేతులు మారినా పెన్న ఇసుకలో ఖర్బూజా పాదులు పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు. సిద్దవటం ఖర్బూజాల రుచిని పాత గెజిటీర్లు ప్రత్యేకంగా చెప్పాయి. ఆ పండుకూ ఆ పేరుకూ మూలం పారశీకం. తీపి మాత్రం పెన్న ఇసుకది.

ఇక్కడొక పక్కమాట. సిద్దవటం ఎగువన లంకమల అడవిలో కలివికోడి అనే పిట్ట ఉంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని లోకానికి చెప్పాడు కాబట్టి ఇంగ్లీషులో దానికి ఆయన పేరే నిలిచింది. తర్వాత అది అంతరించిందనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది ఇక్కడి పిట్టలు పట్టే మనిషి చేతికే. పేరు ఎవరికి దక్కుతుందో, పని ఎవరు చేస్తారో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఈ నవాబుల కాలంతో ముడిపడిన ఒక మనిషి కథ తెలుగునాట పిల్లలకు కూడా తెలుసు. ముడుమాల ఊరి దూదేకుల పీరు సాయిబు, ఆదంబీల కొడుకు సిద్దయ్య. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మం గారిని గురువుగా ఎంచుకున్నాడు. బిడ్డ మతం మారిపోయాడని ఫిర్యాదు వెళ్లింది, నవాబు పిలిపించాడు. హిందూ గురువును ఎందుకు పట్టుకున్నావని నిలదీశాడు. నా నమస్కారానికి మీరు తట్టుకోలేరని సిద్దయ్య అన్నాడనీ, ఎదురుగా ఉన్న గుండుకు నమస్కరిస్తే అది పగిలిందనీ కథ. 1984లో ఎన్‌.టి.రామారావు తీసిన సినిమాతో ఈ కథ ఇల్లిల్లూ చేరింది.

మహిమను పక్కనపెట్టి చూడండి. ఈ కథలో నవాబూ ముసల్మానే, సిద్దయ్యా ముసల్మాన్ల ఇంటి బిడ్డే. ఒకరు తీర్పు చెప్పే చోట కూర్చున్నారు, ఇంకొకరు నిలబడి జవాబు చెబుతున్నారు. మేం ఎవరి వారసులం? గద్దె మీదున్నవాడి వారసులమని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. కానీ మా ఊళ్ల పేర్ల పట్టీ తిరగేస్తే హుస్సేనయ్య, మస్తానమ్మ, దస్తగిరమ్మ, పీరయ్య, ఫకీరయ్యలే కనిపిస్తారు. దూది ఏకి, పరుపులు కుట్టి, బండి తోలి, రాయి కొట్టి బతికినవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లకు ఉర్దూ రాదని షరీఫులు వెక్కిరిస్తారు, పేరు చివర సాయిబు ఉందని మిగిలినవాళ్లు దూరం పెడతారు. సిద్దయ్యను రెండు వైపులా ‘మావాడు’ అంటారు. ఆయన కులంవాళ్లను మాత్రం ఏ వైపూ అలా అనదు.

సిద్దవటం నుంచి ఒంటిమిట్టకు వెళదాం. కోదండరాముడి గుడి ముందు ఆగకుండా ఎవరూ వెళ్లలేరు. టావెర్నియే కూడా ఆగి మెచ్చుకున్నాడంటారు. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి శ్రీరామనవమి అధికారిక కల్యాణం ఇక్కడే జరుగుతోంది. గుడి దగ్గర ఇమాంబేగ్ బావి అని ఒకటి ఉంది. కడప నవాబు అబ్దుల్ నబీఖాన్ మనిషి ఇమాంబేగ్ ఇక్కడికొచ్చి, పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని అడిగాడట. నిజమైన భక్తి ఉంటే పలుకుతాడన్నారు. మూడుసార్లు పిలిస్తే లోపలినుంచి ‘ఓ’ అని వినిపించిందట. ఆ తర్వాత గుడి నీళ్ల కోసం ఇమాంబేగ్ బావి తవ్వించాడు.

బావి 1640 నాటిదని చెబుతారు. ఆ లెక్క కుదరదు. గండికోటే గోల్కొండ చేతికి వచ్చింది 1650లో. అబ్దుల్ నబీఖాన్ పద్దెనిమిదో శతాబ్దం మొదటి దశాబ్దాలవాడు. కాబట్టి తేదీ అయినా తప్పు, నవాబు పేరైనా తప్పు. ఇది పట్టించుకోవాల్సిన విషయమే, ఎందుకంటే మంచి కథ కదా అని తప్పు తేదీని మేం వదిలేస్తే, మామీద చెప్పే చెడ్డ కథల తేదీలను అడిగే హక్కు మాకు ఉండదు. దేవుడు పలికాడో లేదో చరిత్ర తేల్చలేదు. బావి ఉంది, దానికి ఇమాంబేగ్ పేరు ఉంది, ఆ పేరును గుడికి వచ్చే జనం చెరిపేయలేదు. కరువు సీమలో నీళ్లు ఇచ్చినవాడి పేరును అంత సులువుగా ఎవరూ మరిచిపోరు.

ఇక కడప. గోల్కొండ సేనాని నేక్‌నాంఖాన్ తన పేరు మీద దీన్ని నేక్‌నామాబాద్ అన్నాడు. 1672లో పోయాడు, గోల్కొండలో సమాధి ఉంది. ఆయన పెట్టిన పేరు నిలవలేదు, జనం మళ్లీ కడప అనే అన్నారు. పాత ఊరు దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ఉగాది రోజు ముస్లింలు వస్తారు. వెంకన్న పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు అని నమ్మకం. అల్లుడి ఇంటికి వచ్చినట్టు కొబ్బరికాయ పట్టుకుని వస్తారు.

ఈ ఉగాది గురించి ఏటా పత్రికల్లో వార్త వస్తుంది. ఉర్దూలోనూ తెలుగులోనూ ఇలాంటి వార్తలు రాసి రాసి మాకు చేయి తిరిగింది. మతసామరస్యం అన్న శీర్షిక తప్పనిసరి. లౌకికవాద మిత్రులు సంతోషిస్తారు, మసీదు పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారు. మాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. గుడికి వచ్చిన సాయిబే మంచి సాయిబు అయితే, రాని సాయిబు సంగతి ఏమిటి? ఐదుపూటలా నమాజు చేసుకుని, ఏ గుడి మెట్టూ ఎక్కని పక్కింటి ముసలాయన ఈ నేలకు పరాయివాడా? ఇక ఆ ఆడవాళ్లు దీన్ తెలియనివాళ్లనే పెద్దలకు ఒకటే అడుగుతాం: వాళ్ల అమ్మమ్మల కాలం నుంచీ నడుస్తున్న మాటను కాదనడానికి ఎప్పుడైనా వాళ్ల గుమ్మందాకా వెళ్లి, వాళ్లు చెప్పేది విన్నారా?

ఉగాది పొద్దున దేవుని కడపకు వచ్చే ఆ ఆడవాళ్లు ఎవరికీ ఏమీ రుజువు చేయడానికి రారు. కూతురికి సంబంధం కుదరాలని ఒకరు, పుట్టింటి అలవాటని మరొకరు వస్తారు. వరసలో నిలబడతారు, కాయ కొడతారు, చిప్ప కొంగులో కట్టుకుంటారు. ఎండ ముదరకముందే ఆటో మాట్లాడుకుని ఇంటికెళ్లి వంట మొదలుపెడతారు.