పక్కటెముకల ముందు నిలిచిన కెమెరా: ధాత కరువు ఛాయాచిత్రాల పరిశీలన

1876–78 మధ్య దక్షిణ భారతాన్ని ఊడ్చిపెట్టిన ధాత కరువు గురించి ఎవరు రాసినా పక్కన దాదాపు అవే రెండు మూడు ఫోటోలు కనిపిస్తాయి. ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగేలా పొడుచుకొచ్చిన పక్కటెముకలు, కర్రల్లాంటి కాళ్ళు, తల్లి ఒడిలో తల ఒక్కటే పెద్దదిగా కనబడే బిడ్డ. వాటిని తీసినవాడు మద్రాసు సైన్యంలో అధికారిగా పనిచేసిన విలోబీ వాలెస్ హూపర్. ఆ కరువులో ఒక్క బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 55 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఇంతటి విపత్తు మన కళ్ళ ముందు నిలవడానికి ఈ కొద్ది చిత్రాలే ఆధారం కావడంతో, వాటిని కరువుకు నేరుగా సాక్ష్యంగా తీసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటును ప్రశ్నించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ఫోటోలు కరువు ఎలా ఉందో చెబుతాయి, నిజమే. అయితే కరువును ఒక పాలనా వ్యవస్థ ఎలా చూడదలచుకుందో అంతకన్నా గట్టిగా చెబుతాయి. వాటిని చూసి జాలిపడి పేజీ తిప్పేస్తే, తెలియకుండానే ఆ పాలన చూపునే మన చూపుగా చేసుకున్నవాళ్ళమవుతాం.

ముందుగా ఈ చిత్రాలు ఎలా తయారయ్యాయో చూడాలి. అప్పటికి వాడుకలో ఉన్నది తడి కొలోడియన్ పద్ధతి. గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరేలోపే కెమెరాలో పెట్టి, బొమ్మ తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. అంతా నిమిషాల్లో అయిపోవాలి. బొమ్మ పడేందుకు కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి ఎదుటివాళ్ళు కదలకూడదు. దారిన పోతూ కంటబడిన దృశ్యాన్ని చప్పున పట్టుకునే వీలు ఆ కాలపు ఫోటోగ్రాఫరుకు లేదు. అంటే హూపర్ చిత్రాల్లో ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు, వెనక నిలబడ్డవాళ్ళు తమంతట తాము అలా చేరలేదు. వాళ్ళను పోగుచేశారు, వరుసల్లో సర్దారు, ఎముకలు కనబడేలా కూర్చోబెట్టారు, కదలొద్దని చెప్పారు. నిలబడే ఓపిక లేని మనిషిని నిలబడమనగలిగే అధికారం ఎవరిదో ఫోటోలో కనబడదు. కానీ ఆ అధికారం లేకపోతే ఫోటోనే లేదు. ఈ సర్దుబాటుకు పాత అభ్యాసం ఉంది. 1868–75 మధ్య జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకత్వంలో ఎనిమిది సంపుటాలుగా వచ్చిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’కు ఫోటోలిచ్చినవారిలో హూపర్ ఒకడు. దేశంలోని మనుషులను కులాలుగా, తెగలుగా, నమూనాలుగా విడదీసి చూపిన గ్రంథమది. కరువు వచ్చాక అదే కన్ను ఆకలిని కూడా ఒక నమూనాగా చూసింది. అందుకే ఈ చిత్రాల్లో ఎవరికీ పేరు లేదు. వీళ్ళు కర్నూలు నుంచి నడిచొచ్చినవాళ్ళో చెంగల్పట్టు వాళ్ళో, నేతగాళ్ళో పాలేర్లో మనం చెప్పలేం. ఆ వివరాలు కాలంలో పోయినవి కావు. అసలు రాసుకోవాల్సిన అవసరమే ఎవరికీ తోచలేదు.

ఒక ఫోటో కింది వ్యాఖ్య అందులో ఉన్నవాళ్ళు ఉచిత సహాయానికి అర్హులని చెబుతుంది. ఈ అర్హత మాటకు వెనక ఒక లెక్క ఉంది. కరువు సాయాన్ని ప్రభుత్వం రెండుగా విడదీసింది. పనిచేయగలవాళ్ళు రోడ్లు వెయ్యాలి, చెరువులు తవ్వాలి, కాలువలు తియ్యాలి. అది కూడా చేతకానంతగా చిక్కిపోయినవాళ్ళకే ఊరికే తిండి. 1877 జనవరిలో ఖర్చు తగ్గించే బాధ్యతతో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ పనిచేసే మగవాడి రోజుకూలిని ఒక పౌను ధాన్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు, ఒక అణాకు కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం రాబర్ట్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. రోజంతా మట్టి మోసే మనిషి ఆ గింజలతో బతకలేడని, ధాన్యం పెంచి పప్పు కూడా ఇవ్వాలని వైద్యుడిగా వాదించాడు. ఈ వివాదాన్ని పక్కన పెట్టుకుని ఫోటోను మళ్ళీ చూస్తే దాని అర్థమే మారిపోతుంది. ఉచిత తిండికి అర్హత సంపాదించాలంటే మనిషి ఎంత చిక్కాలి? ఆ ప్రశ్నకు ప్రభుత్వం మనసులో ఉన్న జవాబే ఆ ఫోటో. ఎముకలు తేలిన శరీరం అక్కడ కష్టానికి గుర్తుగా కాక అర్హతాపత్రంగా పనిచేస్తోంది.

చట్రానికి బయట ఉండిపోయినవి ఇంకా ముఖ్యం. 1871 నాటికే మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు నడిచింది. కరువు జిల్లాల గుండెల మీదుగా పోయిన దారి అది. ధాన్యం ఆ దారిన వచ్చింది, కానీ వచ్చిన ధాన్యాన్ని కొనే డబ్బు కూలివాళ్ళ చేతుల్లో లేదు. ధరలను కట్టడి చేయడం మార్కెట్టులో జోక్యమవుతుందని ప్రభుత్వం వెనకాడింది. కరువు నడుస్తున్న 1877–78లోనే ఇండియా నుంచి యూరప్‌కు 64 లక్షల హండ్రెడ్‌వెయిట్ల గోధుమ ఎగుమతైంది. ఆ గోధుమలో ఎక్కువ ఉత్తరాదిది, రాయలసీమ పేదవాడి తిండి కానే కాదు. అయినా దేశంలో గింజల్లేకే జనం చచ్చారన్న వాదనను ఆ అంకె నిలవనివ్వదు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించాడు. రైలు, ధర, దర్బారు, ఎగుమతి ఓడ: వీటిలో ఏ ఒక్కటీ ఆ మనుషుల పక్కన ఫోటోలో లేదు. వెనక ఖాళీ గోడ, ముందు శరీరం. చూసేవాడికి కరువంటే శరీరానికి వచ్చిన ఏదో రోగం అన్నట్టు, వాన చేసిన పని అన్నట్టు మిగులుతుంది.

ఇక్కడొక అభ్యంతరం రావచ్చు, అది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. కెమెరా ధరలను ఎలా ఫోటో తీస్తుంది? విధానాన్ని చూపలేదని ఫోటోగ్రాఫరును నిందించడం అన్యాయం కాదా? పైగా కరువు దృశ్యాలు ఇంగ్లండు పత్రికల్లో చెక్కడపు బొమ్మలుగా అచ్చయ్యాయి. లండన్‌లో మాన్షన్ హౌస్ నిధికి చందాలు వచ్చాయి. ఆ విరాళాల ఉద్యమం లిట్టన్‌కు మొదట్లో రుచించలేదు కూడా. కాబట్టి ఈ చిత్రాల వల్ల కొన్ని ప్రాణాలైనా నిలిచి ఉండొచ్చు. ఇది ఒప్పుకోవాలి. ఆకలితో ఉన్నవాడికి గంజి ఎవరి జాలి వల్ల వచ్చినా గంజే. అయితే ఆ జాలి ఏ దిక్కుకు నడిచిందో చూడండి. అది చందాగా మారింది, కూలిరేటు మీద ప్రశ్నగా మారలేదు. కూలి మీద ప్రశ్నను లేవనెత్తింది కార్నిష్ అంకెలు, మద్రాసు టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ వంటివారి రాతలు. ఫోటో ధరను చూపలేకపోవచ్చు. దాని కింద రాసే వాక్యం మాత్రం చెప్పగలదు. అక్కడ అర్హత గురించి రాసిన చెయ్యి రోజుకూలి ఎంతో కూడా రాయగలిగేదే.

హూపర్ తర్వాతి చరిత్ర ఈ విషయాన్ని మరో వైపు నుంచి వెలిగిస్తుంది. 1886లో మాండలేలో సైనిక అధికారిగా ఉండగా ఖైదీలను తుపాకులతో కాల్చి చంపే క్షణాన్ని అతడు ఫోటో తీశాడు. కాల్పుల ఆజ్ఞను కెమెరా సిద్ధమయ్యేదాకా ఆపించాడన్న ఆరోపణ బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్ళింది, విచారణ జరిగింది. మాండలేలో కెమెరా మనిషి చావు సమయాన్ని నిర్ణయించిందని లోకానికి ఒళ్ళు జలదరించింది. మద్రాసులో చావు నెమ్మదిగా, నెలల తరబడి సాగింది కాబట్టి కెమెరాకూ చావుకూ మధ్య ఉన్న సంబంధం ఎవరి కంటా పడలేదు.

ఇదంతా తెల్లదొర చూపు అని తేల్చేస్తే సరిపోతుందా? సరిపోదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. 1899–1900 కరువులో ఔరంగాబాదు జిల్లా సహాయ పనులను ఆయన సంస్థ చిత్రించింది. రోడ్లు, చెరువులతో పాటు చిక్కిపోయిన మనుషులను రకాలుగా చూపిన చిత్రం కూడా అందులో ఉంది. తీసినవాడు భారతీయుడు, తీయించినది దేశీయ సంస్థానం. అయినా చూపు మారలేదు, ఎందుకంటే ఫోటో ఎవరికి చూపడానికో అది మారలేదు. పాలకుడికి చేసిన పనిని నివేదించడమే ఆ చిత్రాల పని. దీనికి భిన్నంగా 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన ఫోటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో పి.సి. జోషి కథనాలతో కలిసి వచ్చాయి. శరీరాలు అంతే చిక్కినవి. పక్కన అక్షరాలు మాత్రం దాచిన ధాన్యాన్ని, పెరిగిన ధరను అడుగుతున్నాయి. కాబట్టి తేడా చర్మం రంగులో లేదు, ఫోటో ఎవరి ప్రశ్నకు జవాబుగా తీశారన్న దానిలో ఉంది.

అసలు ఇలాంటి చిత్రాలను మళ్ళీ మళ్ళీ అచ్చువేయడమే ఆ మనుషులను మరోసారి అవమానించడం కదా అని అడిగేవారున్నారు. 1977లో ‘ఆన్ ఫోటోగ్రఫీ’ రాసిన సూసన్ సొంటాగ్, బాధను చూసీ చూసీ మనసు మొద్దుబారుతుందని అభిప్రాయపడింది. 2003లో ఆ అభిప్రాయాన్ని ఆమే తిరగతోడుకుంది. నా మట్టుకు, దాచేయడం పరిష్కారం కాదనిపిస్తుంది. ఈ చిత్రాలు లేకపోతే ఆ లక్షల మంది అధికార నివేదికల్లో అంకెలుగానే మిగులుతారు. కొందరు కెమెరా వైపు తిన్నగా చూస్తున్నారు. ఫోటోగ్రాఫరు నమూనాను కోరాడు, వాళ్ళు మనుషులుగా తిరిగి చూశారు. ఆ చూపును హూపర్ ఏ సర్దుబాటుతోనూ తుడిచేయలేకపోయాడు.

ఈ విచారం గతానికి మాత్రమే చెందింది కాదు. 2004 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 421 ద్వారా ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు లక్షన్నర సాయం ప్రకటించినప్పుడు, ఏది అర్హమైన మరణమో తేల్చడానికి అధికారుల కమిటీ వచ్చింది. అదే కాలంలో మన జిల్లా పేజీలకు ఒక ఫోటో అలవాటైంది: చనిపోయిన రైతు ఫోటో చేతబట్టుకున్న భార్య, పక్కన పిల్లలు. అప్పు ఎంత, ఎవరి దగ్గర, కౌలు కాగితం ఉందా లేదా, పత్తి ఏ ధరకు పోయింది అన్నవి ఒక్కోసారి వార్తలో ఉంటాయి, చాలాసార్లు ఉండవు. పేదరాలి కన్నీరు మాత్రం ప్రతిసారీ ఉంటుంది. ధాత కరువు ఫోటోను అచ్చువేసే పాఠ్యపుస్తకమైనా, రైతు కుటుంబం ఫోటోను అచ్చువేసే పత్రికైనా, ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, ఆనాటి కూలి ఎంత, గింజల ధర ఎంత అన్న నాలుగు సంగతులు బొమ్మ కిందే రాయాలి. మన రాష్ట్రాల ఆర్కైవ్స్ తమ దగ్గరున్న కరువు నివేదికలను ఛాయాచిత్రాలతో కలిపి అందరికీ అందుబాటులో పెట్టే పని ఇకనైనా మొదలుపెట్టాలి.