సిద్రాపోంగ్: 130 కిలోవాట్ల చరిత్ర

భారతదేశంలో జలవిద్యుత్తు మొదట ఎక్కడ పుట్టినదని అడిగితే, మనలో పలువురు కావేరి మీది శివసముద్రం పేరు చెప్పుదురు. 1902లో ఆ జలపాతం వద్ద ఉత్పత్తియైన విద్యుత్తు సుమారు 92 మైళ్లు ప్రయాణించి, తెలుగు కార్మికులు కూడ పెద్ద సంఖ్యలో శ్రమించిన కోలారు బంగారు గనులను చేరినది. దాని కీర్తికి ఇది చాలును. కాని ఆద్యత్వం దానిది కాదు. అంతకు ఐదేండ్ల ముందే, 1897 నవంబరు 10వ తేదీన, డార్జిలింగు పట్టణానికి దిగువనున్న సిద్రాపోంగ్‌లో ఒక చిన్న కేంద్రం పని ప్రారంభించినది.

అందు మొదట నెలకొల్పిన యంత్రాలు రెండు. ఒక్కొక్కదాని శక్తి 65 కిలోవాట్లు. జలవిద్యుత్తుకు మూలాధారాలు రెండే: ప్రవహించే నీటి పరిమాణం, అది దిగివచ్చే ఎత్తు. కొండవాగులలో నీరు స్వల్పం, ఎత్తు పుష్కలం. అందుచేత వాగునీటిని మళ్లించి, గొట్టాల గుండా దింపి, టర్బైను చక్రాన్ని త్రిప్పించినారు. అట్లు పుట్టిన విద్యుత్తు తిరిగి కొండనెక్కి డార్జిలింగు వీధులలో దీపాలై వెలిగినది.

రెండు యంత్రాలును పూర్తి శక్తితో రాత్రింబవళ్లు తిరిగినను, దినమునకు 3,120 యూనిట్లు మాత్రమే లభించును. మన శ్రీశైలం కుడిగట్టు కేంద్రం 770 మెగావాట్ల పూర్తి శక్తితో నడిచినచో, అంత విద్యుత్తును 15 సెకండ్ల లోపలనే ఇయ్యగలదు. అయినను దీపాల రుచి మరిగిన పట్టణం మరింత కోరినది. యంత్రాలు చేర్చగా, 1916 నాటికి సిద్రాపోంగ్ శక్తి 1,000 కిలోవాట్లకు పెరిగినది.

మరి అది వెనుకబడుటకు కారణం? అల్పత్వమొక్కటే కాదు. తొలి యంత్రాలు ఏకదశ విద్యుత్తును సెకండుకు 83.3 ఆవృత్తులతో ఇచ్చెడివి. నేటి దేశవ్యాప్త విద్యుద్వలయానికి మూడు దశలు, 50 ఆవృత్తులు ఆవశ్యకం. అందరును ఒకే తాళానికి నడువవలసిన ఆ మేళంలో, తన ఊరికొరకే పుట్టిన యంత్రానికి చోటు లేదు.

ఇప్పుడచట ఉత్పత్తి లేదు. చారిత్రక స్మారకంగా నిలిచియున్నది. అయితే 25 మెగావాట్ల వరకు గల కేంద్రాలను ప్రభుత్వం నేటికిని చిన్న జలవిద్యుత్తుగా పరిగణించి ప్రోత్సహించుచున్నది. మహానదులు లేని చోట కూడ, కొండవాగు ఒక ఊరికి వెలుగు నీయగలదని ఈ దేశంలో మొదట చూపినది సిద్రాపోంగ్. దాని ఉత్పత్తిని లెక్కించువారు ఈ అంశాన్ని కూడ లెక్కలో చేర్చవలెను.