సంతకం లేని చిత్రకారుడు జాషువా జాన్సన్

కెమెరా రాకముందు అమెరికాలో ఇంట్లో పిల్లల బొమ్మ ఉండాలంటే చిత్రకారుణ్ని పిలిపించుకోవాల్సిందే. వాళ్లలో చాలామంది ఏ బడిలోనూ చిత్రలేఖనం నేర్చుకోలేదు. బాల్టిమోర్ నగరంలో అలా తైలవర్ణ చిత్రాలు వేసినవాడే జాషువా జాన్సన్. నిజం చెప్పాలంటే ఆయన బొమ్మలకన్నా, ఆయన ఎవరో తేల్చిన కాగితాల కథే నాకు ఎక్కువ నచ్చింది.

ముందు బొమ్మ సంగతి. 'వెస్ట్‌వుడ్ పిల్లలు' అనే చిత్రం సుమారు 1807 నాటిది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. ముగ్గురు అన్నదమ్ములు, ఒకే తాను గుడ్డ చింపి కుట్టించినట్టు ఒకే రకం బట్టలు. చేతుల్లో పూలు. పక్కన నల్ల కుక్క, దాని నోట్లో ఒక పిట్ట! పిల్లలు మాత్రం నవ్వరు, పెదాలు బిగించి నిలబడతారు. ముగ్గురి ముఖాలూ ఇంచుమించు ఒకటే. వేరే చిత్రాల్లో ఆయన కుర్చీల అంచున ఉండే ఇత్తడి మేకులను కూడా వరసగా, ఓపిగ్గా వేశాడు. అందుకే ఆయన్ని 'ఇత్తడి మేకుల చిత్రకారుడు' అని కూడా అన్నారు.

80కి పైగా చిత్రాలు ఆయనవే అంటారు. సంతకం ఉన్నది ఒక్కదానిమీదే, సారా ఆగ్డెన్ గస్టిన్ అనే ఆవిడ చిత్రంమీద. మరి ఆయన ఎవరని ఎలా తెలిసింది? 1939లో జె. హాల్ ప్లెజెంట్స్ అనే పరిశోధకుడు, ఈ చిత్రకారుడు నల్లజాతివాడని మొదట రాశాడు. పాత కుటుంబాల్లో అలా చెప్పుకొనేవారట. 1816-17 నాటి బాల్టిమోర్ చిరునామాల పుస్తకంలో కూడా ఆయన పేరు స్వేచ్ఛ పొందిన నల్లవారి జాబితాలోనే ఉంది. అయినా కొందరు నమ్మలేదు.

1990లలో అసలు పత్రాలు బయటపడ్డాయి. జార్జ్ జాన్సన్ అనే తెల్లవాడు 1764లో విలియం వీలర్ దగ్గర ఈ పిల్లవాణ్ని 25 పౌండ్లకు కొన్నాడు. 1782లో 'వీడు నా కొడుకే' అని ఒప్పుకొని, కమ్మరి పని నేర్చుకోవడం పూర్తయినా, 21 ఏళ్లు నిండినా స్వేచ్ఛ ఇస్తానని రాశాడు. కన్నకొడుకును డబ్బిచ్చి కొనుక్కోవడం! ఇది చదివి నేను కాసేపు ఆగిపోయాను. తల్లి బానిస. ఆమె పేరు పత్రాల్లో ఎక్కడా లేదు.

1798లో ఆయన పత్రికలో ఒక ప్రకటన ఇచ్చాడు. తనకు తానే నేర్చుకున్నాననీ, ఎన్నో అడ్డంకులు ఎదుర్కొన్నాననీ అందులో చెప్పుకున్నాడు. ఆ అడ్డంకులేమిటో రాయలేదు. రాస్తే బొమ్మ వేయించుకోవడానికి ఎవరు వస్తారు? వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే, వ్యాపారులు, ఓడ కెప్టెన్లు. మేరీల్యాండ్‌లో బానిసత్వం 1864 దాకా ఉంది. ఆయనవి అనుకునే వాటిలో నల్లజాతి పురుషుల చిత్రాలు రెండే ఉన్నాయి.