పత్తి మండీ డెస్కులు

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఫ్లాటు కొన్న మా ఊరి పిల్లలు ఫోన్ చేస్తే అడిగేది ఇదే: "మామా, ఆదోని పక్క పాత డెస్కు దొరికితే చూడు, సోఫా ముందర టీపాయ్‌గా వేసుకుంటాం." పత్తికొండలో నాది పాత కలప వ్యాపారం. పడగొట్టిన మిద్దెల దూలాలు, దంతెలు, వాకిళ్లు కొని అమ్ముతా. డెస్కుల మీద మోజు మాత్రం ఇంటి నుంచి వచ్చింది. మా జేజినాయన ఆదోనిలో ఒక పత్తి మండీలో గుమాస్తా. ఆయన వయసంతా డెస్కు ముందర బాసిపట్టు వేసుకుని కూర్చునే గడిచింది.

ఇప్పుడు నా అంగట్లో ఉన్నది రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. ముందువైపు ఎత్తు జానెడు, వెనకవైపు అంతకు నాలుగువేళ్లు ఎక్కువ. ఆ వాలు మూత మీదే రాసేది. మూతకు వెనక చదునుగా ఒక పలక, దాంట్లో సిరాబుడ్డి కూర్చునే గుండ్రటి గుంట, కలం దొర్లిపోకుండా ఒక గాడి. మూత ఎత్తితే ఒక పక్క పుస్తకాలకు పెద్ద అర, ఇంకో పక్క చిల్లరకు చిన్న అరలు: రూపాయిలకొకటి, అణాలకొకటి, కానులకొకటి. కీళ్లు, గొళ్లెం ఇత్తడివి. మూత ముందు అంచు కుడిపక్కన మాత్రం చెక్క నున్నగా గుంటపడింది. అక్కడ ఏళ్ల తరబడి ఒక మనిషి మణికట్టు ఆనింది.

ఇది మనకు అనాదిగా ఉన్న సామాను అనుకుంటారు. కాదు. తాటాకు మీద గంటంతో రాసే కరణానికి బల్ల అక్కర్లేదు, ఆకు ఎడమచేతిలోనే ఉంటుంది. కడితానికీ అంతే. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టిన నల్ల పుస్తకం అది. బలపంతో రాస్తారు, తుడిచి మళ్లీ రాస్తారు. తొడ మీద పెట్టుకుంటే పని జరిగిపోతుంది. కాగితం, సిరా వచ్చాకే చిక్కు వచ్చింది. కాగితం మెత్తన, సిరా తడి, కింద గట్టిది ఏదో ఒకటి ఉండాలి. నా లెక్కలో ఈ డెస్కును పుట్టించింది కాగితమే.

మా సీమలో కాగితం పెరిగింది కంపెనీ దొరల కాలంలో. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాడు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరు. భూములు కొలిపించి, రైతు రైతుకూ విడిగా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని ఇక్కడ గట్టిగా నడిపించాడు. రైతుకొక లెక్క అంటే ఊరికి ఎన్ని కాగితాలో చూడండి. పర్యటనల్లో మడిచి బండ్లో వేసుకుపోయే మేజాలు, కుర్చీలు దొరలకు మామూలు సామాను. కరణాలు, రాయసగాళ్లు కింద జంపఖానా మీద. ఎత్తు బల్ల, పొట్టి బల్ల ఒకే డేరాలో పనిచేసిన కాలం అది. మన్రో తర్వాత మద్రాసు గవర్నరై, ఈ పక్క పర్యటనకొచ్చి, 1827 జూలై 6న మా పత్తికొండలోనే కలరాతో పోయాడు. ఆయన వాడిన మేజా అని ఒకాయన నాకొక మడతబల్ల అమ్మజూపాడు. తిప్పి చూస్తే కింద ప్లస్ గీత మరలు! ఆ మరలు అమెరికాలో పుట్టిందే 1930ల్లో.

అయితే డెస్కు అసలు వైభవమంతా పత్తితో వచ్చింది. 1861 నుంచి 65 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి, అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోయేసరికి మన నల్లరేగడి పత్తికి ధర లేచింది. 1871లో మద్రాసు, బొంబాయి రైలుదారులు రాయచూరులో కలిశాయి, ఆదోని ఆ దారిలోనే ఉంది. జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు, వాటి చుట్టూ మండీలు లేచాయి. అప్పట్లో ఆదోనిది బళ్లారి జిల్లా, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. మధ్యలో 1876-78 కరువు ఈ రెండు జిల్లాలనూ ఊడ్చేసింది. కరువుకు అప్పు, అప్పుకు పత్రం, పత్రానికి ఖాతా. డెస్కు వెనక కూర్చున్నవాడి బలమెంతో దాని ముందర చేతులు కట్టుకుని నిలబడ్డ రైతుకే తెలుసు. పనితనం చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి కూడా చెప్పే అమ్ముతా.

మండీలో తెల్ల దుప్పటి పరిచిన పరుపు, లోడుకు ఆనుకుని సావుకారి, పక్కన గుమాస్తా. ఏరోజు లావాదేవీ ఆరోజు చిట్టాలో ఎక్కాలి, తర్వాత పేరు పేరున ఆవర్జాలోకి పోవాలి. దీపావళి లక్ష్మీపూజలో కొత్త పుస్తకాలతో పాటు డెస్కుకూ పసుపు కుంకుమ. కొన్నింటి కీళ్ల సందుల్లో ఆ పసుపు ఇంకా ఉంటుంది. కలిగిన సావుకార్లు టేకుతో, కొందరు బర్మా టేకుతో చేయించుకునేవాళ్లు. 1942లో జపాను రంగూన్‌ను పట్టుకున్నాక ఆ కలప రాక ఆగింది. ఊళ్లలో కరణాల డెస్కుల తీరు వేరు. ఆయగాడైన వడ్లాయనకు కూలి కళ్లంలో గింజలే. దొరికిన వేపతోనో తుమ్మతోనో చేసిచ్చేవాడు, అడుగు చెక్కకు బాడిస దెబ్బలు అలాగే వదిలేసేవాడు. బజారులో టేకుకు ధర ఎక్కువ. నాకు మాత్రం వేపదే ఇష్టం.

పొట్టి చెక్కసామాన్లలో చేతిపని చూడాలంటే వ్యాసపీఠాన్ని చూడాలి. ఒకే పలకను రెండు కొసల నుంచి మందం మధ్యగా చీల్చుకొస్తూ, నడుమ పళ్లు పళ్లుగా వదిలి, మేకు గానీ జిగురు గానీ లేకుండా ఇంటూ గుర్తుగా విచ్చుకునేటట్టు కోస్తారు. మంత్రాలయం పక్క ఇళ్లలో దాని మీద భాగవతం, ఆదోనిలో ముస్లింల ఇళ్లలో దాన్నే రెహల్ అని ఖురాన్. కోత ఒకటే.

డెస్కుల కాలం ఒక్కసారిగా పోలేదు. ఎమ్మిగనూరులో 1938లోనే మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టి, వాళ్ల లెక్కను సావుకారి డెస్కు నుంచి సంఘం పుస్తకంలోకి మార్చాడు. 1957లో నయాపైసలు వచ్చి అణాల అరలకు పని లేకుండా పోయింది. 1966 మార్కెట్ల చట్టం తర్వాత పత్తి వేలం మెల్లమెల్లగా యార్డుకు జరిగింది, అక్కడ కుర్చీలు, ఇనుప బల్లలు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసింది. ఊళ్లలో మిగిలిన డెస్కులు అటక ఎక్కాయి.

ఇక కొనేవాళ్లకు. నగరాల్లో యాంటిక్ పేరుతో నాకు కనిపించేది ఎక్కువగా కొత్త మాలే: మామిడి చెక్క, గొలుసుతో కొట్టిన గాట్లు, పైన నల్ల పాలిష్. ముందు బోర్లా తిప్పించండి. అడుగున ప్లైవుడ్ ఉంటే అది పాతది కాదు, లేదా సగమే పాతది. రంపం గీతలు వంపు తిరిగి ఉంటే యంత్రపు కోత, ఎగుడుదిగుడుగా అడ్డంగా ఉంటే చేతి రంపం. కీళ్ల దగ్గర ఫెవికాల్ కారి గట్టిపడి ఉంటే అడగండి, అది మార్కెట్లోకి వచ్చిందే 1959లో. అరుగుదల చేయి ఆనే చోట ఉండాలి, నాలుగు మూలలా సమంగా అరిగితే అది గరుకుకాగితం పని. సిరా మరకలు చెక్కలోకి ఇంకి ఉంటే మంచి గుర్తు. పాలిష్ మనిషితో వాటిని గీకించొద్దు. పొడిగుడ్డతో తుడిచి, కాస్త అవిసెనూనె రుద్దితే చాలు.

వాలు మూత మీద కాఫీ కప్పు నిలవదు. అందుకని మూత తీసేసి సమంగా పలక కొట్టమనీ, సోఫా ఎత్తుకు కాళ్లు బిగించమనీ అడుగుతారు. నేను చెయ్యను. కప్పులకైతే పాత పెళ్లిపీటల జత తీసుకోండి, ధర కూడా తక్కువ. డెస్కు కొంటే చాప మీద కూర్చుని రాసుకోండి, దాని ఎత్తు అందుకే సరిపోతుంది. అమెరికాకు పంపమనేవాళ్లకు ఇంకో మాట: 1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువును మామూలు మనిషి దేశం దాటించకూడదు.

డెస్కు దొరికిన ఇంట్లోనే చిట్టాలు, ఆవర్జాలు కూడా దొరుకుతుంటాయి. వాటిని పొట్లాలకు వేసేస్తున్నారు. ఏ ఏడాది పత్తి ఏ ధర పలికింది, ఏ ఊరికి ఎంత అప్పు నిలిచింది అన్నది వాటిల్లో ఉంది. మీ ఇంట్లో ఉంటే దగ్గరి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే అయ్యవారికి ఒకసారి చూపించి, తర్వాతే ఏమైనా చెయ్యండి.