విదేశీ గడ్డపై మన జవాన్లు – అర్ధాంతరంగా వెళ్ళిపోయినవాళ్ళు

ఈ ఏడు సంచికకి ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు నేను శంకర్ నగర్‌లో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాను. సౌందర్య సినిమా ఏదో వస్తోంది. "నేను ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి, చరిత్ర ఏం రాస్తానండీ" అన్నాను. "మీరు చూసిందే రాయండి సుబేదార్ సాబ్" అన్నారాయన.

ఫోన్ పెట్టేశాక చూస్తే తెరమీద ఆ అమ్మాయి నవ్వుతూనే ఉంది. ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆమెను చూస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది సినిమా కాదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక పెంకుటిల్లు, ఆ ఇంట్లో ఒక తల్లి. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు చరిత్ర.

మన సిపాయిలు సముద్రం దాటడం కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు విదేశాలకు వెళ్ళారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. రెండో యుద్ధం నాటికి మన సైన్యం 25 లక్షలకు పెరిగింది. అందులో సుమారు 87 వేల మంది ప్రాణాలు పోయాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని 'మిలటరీ మాధవరం' అని ఊరికే అనరు. రెండు యుద్ధాలకీ ఆ ఊరు మనుషుల్ని పంపింది.

ఢిల్లీలో డ్యూటీ చేసిన మనలో చాలామంది తీన్‌మూర్తి చౌరస్తా మీదుగా ఎన్నోసార్లు వెళ్ళి ఉంటాం. అక్కడి మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ సంస్థానాల అశ్విక దళాలకు గుర్తు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని పట్టుకున్న బ్రిగేడ్‌లో ఈ సంస్థానాల దళాలే ఉన్నాయి. 2018లో ఆ చౌరస్తాకు హైఫా పేరు కూడా చేర్చారు. హైదరాబాద్ పేరు అక్కడ ఉందని నాకు సర్వీసు సగం అయ్యేదాకా తెలియదు. సెల్యూట్ కొట్టుకుంటూ పోయేవాణ్ణి, అంతే.

ఆ రోజుల్లో సిపాయి తెల్లదొర పొమ్మన్న చోటికి పోయాడు. ఎవరి యుద్ధమో అడిగే హక్కు అతనికి లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మనం పోయింది మన ప్రభుత్వం మాట మీద. కొరియా యుద్ధానికి మనం తుపాకీ పంపలేదు, 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ని, అంటే డాక్టర్లనీ నర్సింగ్ సిపాయిల్నీ పంపాం. 1956 నుంచి 1967 దాకా గాజాలో ఐక్యరాజ్య సమితి తరఫున కాపలా కాశాం. కాంగోలో 1961 డిసెంబర్ 5న కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా వీరమరణం పొంది పరమవీర చక్ర అందుకున్నారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. 1965 డిసెంబర్‌లో జనరల్ తిమ్మయ్యగారు సైప్రస్‌లో డ్యూటీలో ఉండగానే కన్నుమూశారు. నీలి టోపీ పెట్టుకుని ప్రాణాలిచ్చిన భారతీయులు ఇప్పటికి 170 మందికి పైనే. శాంతిసేనల్లో ఏ దేశమూ ఇంతమందిని పోగొట్టుకోలేదు.

ఇక శ్రీలంక. అక్కడికి నీలి టోపీ లేదు, మన టోపీతోనే వెళ్ళాం. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనె ఒప్పందం మీద సంతకాలు చేశారు. మొదట దిగింది మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్. రెండు పక్షాల మధ్య నిలబడి ఆయుధాలు అప్పగింప చేయించడానికని వెళ్ళినవాళ్ళు అక్టోబర్‌కల్లా జాఫ్నాలో ఇంటింటికీ పోరాడాల్సి వచ్చింది. అదే ఆపరేషన్ పవన్. జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన 13 సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ ప్లాటూన్‌లో ఒక్కడు తప్ప అందరూ పోయారు. ఆ నవంబర్ 25న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ నేలకొరిగి పరమవీర చక్ర పొందారు. 1990 మార్చి 24న చివరి ఓడ ట్రింకోమలీ వదిలే నాటికి మనం సుమారు 1,200 మందిని పోగొట్టుకున్నాం.

నేను 1987లో భర్తీ అయ్యాను. ట్రైనింగ్ ముగించుకుని 1989 మొదట్లో వవునియా వైపు ఉన్న మా యూనిట్‌లో చేరాను. అక్కడ దొరికాడు నా దోస్త్. శ్రీకాకుళం జిల్లావాడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. పేరు రాయను, ఆ ఇంటివాళ్ళని ఇంకా అడగలేదు. లంగర్‌లో ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడినప్పుడు 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు నడక నడిచి చూపించేవాడు. వెంటనే, మాయా శశిరేఖగా సావిత్రి అదే నడక ఎలా నడిచిందో అదీ చూపించేవాడు. తెలుగు ముక్క రాని పంజాబీ వాళ్ళు కూడా పగలబడి నవ్వేవాళ్ళు. "మా అమ్మకి సావిత్రంటే పేనం" అనేవాడు. రంగారావుగారు 1974లో 56వ ఏట పోయారు. సావిత్రి ఏడాదిన్నర స్పృహ లేకుండా ఉండి 1981 డిసెంబర్ 26న వెళ్ళిపోయింది, అప్పటికి నడివయసే.

మావాడు 1989లోనే, రోడ్ ఓపెనింగ్ డ్యూటీలో మందుపాతర పేలి పోయాడు. ఇరవై రెండేళ్ళు. సాయంత్రం అక్కడే దహనం చేశారు. మృతదేహాన్ని ఇంటిదాకా చేర్చడం 1999 కార్గిల్ యుద్ధం నుంచి వాడుకలోకి వచ్చిన పద్ధతి. అప్పట్లో ఇంటికి చేరేది అస్థికలు, ఒక ట్రంకు పెట్టె.

మేం తిరిగొచ్చేసరికి అటూ ఇటూ గాలి మారింది. లంకలో ప్రేమదాస మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నారు. ఇక్కడ మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధిగారు రాలేదు. తమిళుల మీద పోరాడిన సైన్యం అన్నది ఆయన అభ్యంతరం. ఆయన కారణం ఆయనకుంది. కానీ ట్రంకు పెట్టె అందుకున్న తల్లికి ఈ రాజకీయం ఎవరు విప్పి చెప్పాలి?

2004 ఏప్రిల్‌లో ఛుట్టీ మీద వచ్చి ఆ ఇంటికి వెళ్ళాను. ఏప్రిల్ 17న సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరి, బెంగళూరు జక్కూరు దగ్గర చిన్న విమానం కూలి అన్నతో సహా చనిపోయింది. ముప్పై రెండు నిండలేదు. నేను వెళ్ళేసరికి టీవీలో అదే వార్త, ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నిజం చెప్పాలంటే నాకు చిరాకేసింది. సినిమా తారకి రాష్ట్రమంతా ఏడుస్తోంది, ఈమె కొడుక్కి ఊరు దాటి ఎవరేడ్చారు అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అంది: "ఆ పిల్ల కాలిపోనాదట బావూ. ఆళ్ళమ్మ ఆ మొకం ఎలా సూసుకుంటాది? నేనూ సూసుకోనేదు గదా."

నేను తల దించుకున్నాను. ఆమె ఏడుస్తోంది ఇద్దరికోసమని అప్పుడు తెలిసింది. పదిహేనేళ్ళు లోపల దాచుకున్నది బయటికి రావడానికి ఆమెకి ఎవరో తెలిసిన మొహం కావాల్సి వచ్చింది. గోడకి కొడుకు ఫోటో ఒక్కటే ఉంది, భర్తీ అయినప్పుడు గుండు చేయించి తీసినది. "ఇందులో నా కొడుకులా నేడు" అంది. నవ్వించే మనిషి అందులో లేడు మరి.

దివ్యభారతి 1993లో 19 ఏళ్ళకి, ఉదయ్ కిరణ్ 2014లో 33 ఏళ్ళకి, తారకరత్న 2023లో 39 ఏళ్ళకి వెళ్ళిపోయారు. వాళ్ళ ఇళ్ళలో దుఃఖం మన ఇళ్ళలో దుఃఖం లాంటిదే, తూకం వేయకూడదు. కానీ వాళ్ళ నవ్వు, నడక, మాట మిగిలాయి. జవానుకి మిగిలేది నంబరు, ర్యాంకు, పేరు. అదైనా రాయడానికి ఎన్నాళ్ళు పట్టిందో చూడండి. కొలంబో పక్కనున్న కోట్టెలో మనవాళ్ళ పేర్లతో స్మారకం ఉంది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. ఆ రాళ్ళమీద ఆపరేషన్ పవన్ పేర్లూ ఉన్నాయి. మావాడి పేరు మీద చెయ్యి పెట్టి వచ్చాను.

విదేశానికి సైన్యాన్ని పంపొద్దని నేననను. వెళ్ళిన చోట మనవాళ్ళు వైద్యం చేశారు, రోడ్లు తెరిచారు, ప్రాణాలు కాపాడారు. కానీ పంపేముందు పెద్దలు మూడు మాటలు తేల్చుకోవాలి: పని ఏమిటి, ఎప్పటికి ముగుస్తుంది, అక్కడి జనం మనల్ని కోరుకుంటున్నారా. లంకలో ఈ మూడూ మధ్యలో మారిపోయాయి. సిపాయి మారలేదు, హుకుం ప్రకారం నిలబడ్డాడు.

మన సంఘానికి ఒక్క మనవి. ప్రతి సంచికలో ఒక పేజీ విదేశంలో పోయిన ఒక తెలుగు జవానుకి ఇద్దాం. నంబరు, ర్యాంకుతో ఆపొద్దు. ఎలా నవ్వేవాడు, ఏం పాడేవాడు, ఎవర్ని అనుకరించేవాడు, తోడున్నవాళ్ళు బతికుండగానే రాయించుకుందాం. మాకే యాభై దాటాయి, ఇంకెన్నాళ్ళో తెలియదు.

ఆ తల్లి ఇప్పుడు లేదు. మావాడి తమ్ముడు అదే ఇంట్లో ఉంటున్నాడు. విజయనగరం మీదుగా రైల్లో పోతే రాయపూర్ నుంచి పెద్ద దూరమేం కాదు. వచ్చే నెల వెళ్ళి అడుగుతాను. ఒప్పుకుంటే వచ్చే ఏడు సంచికలో ఆ మొదటి పేజీ మావాడిది, పేరుతో సహా.

జై హింద్.