చీకటిలోనికి వెళ్ళే పుస్తకం

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లని చదువుతాం. ఈ అంకె ఎలా వచ్చిందని నా ఉద్యోగకాలంలో ఏ విద్యార్థీ అడుగలేదు. నన్ను నేనే అడుగుకొని, తెలుసుకొన్నంతవరకు మిత్రులకు విన్నవిస్తున్నాను.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల సంగతి లోకానికి తెలిపాడు. దాదాపు నూరేండ్ల తరువాత, 1982-83లలో, డేనియల్ గెబాయర్ నాయకత్వాన జర్మను బృందం వీటిని శోధించి కొలిచింది.

మెలికలు తిరిగిన బిలాన్ని ఒకే త్రాటితో కొలవలేరు. ఒక గుర్తు నుండి మరొక గుర్తుకు దూరం, దిక్సూచి చూపిన కోణం, ఆ గుర్తులను కలిపే రేఖ వాలు: ఈ మూడింటిని వరుసగా వ్రాసుకొంటూ పోతారు. ఆ దూరాలను కూడితే గుహ పొడవు వస్తుంది. చేతులు బురదమయం, వెలుగు తలదీపానిదే. అందుచేత పుస్తకాన్ని వెలుపల, పగటి వెలుతురులోనే సిద్ధం చేస్తారు. నీటికి నానని కాగితం, దారంతో కట్టిన పెన్సిలు, పుటసంఖ్యలు ఉంటాయి. ఎడమ పుటలో అంకెలకు గడులు, కుడి పుటలో చిత్రానికి గళ్ళు గీస్తారు.

మన వ్రాయసకాండ్రూ ఇంతే. తాటాకును ఆరబెట్టి, కత్తిరించి, త్రాటి ఒరపిడికి అక్షరం చెడకుండా రంధ్రం చుట్టూ చోటు విడిచి, అటుపిమ్మట గంటం పట్టేవారు. గంటపు గీతల్లో నింపే మసి, పెన్సిలులోని గ్రాఫైటు రెండూ కర్బనమే; నీటికి కరగవు.

మొదటి పుటలో గుహపేరు, కొలిచినవారి పేర్లు, పరికరాల సంఖ్యలు, తేదీ తప్పనిసరి. తేదీ ఎందుకంటారా? అయస్కాంతపు ఉత్తరం ఏటేటా కొంత జరుగుతుంది. తేదీ లేనిచో నాటి కోణాన్ని నేటి పటానికి సరిదిద్దలేము.

నాకు మిక్కిలి నచ్చిన నియమం మరొకటి. గోడ గుర్తుకు ఆనుకొని ఉంటే గడిలో సున్న వేయాలి. కొలవకపోతే కొలవలేదని వ్రాయాలి. ఉత్త ఖాళీ విడిస్తే, శూన్యానికీ అజ్ఞానానికీ భేదం చెరిగిపోతుంది. చరిత్రరచనలో మనం తరచు మరచే భేదమిదే.

పటం తీర్పు వంటిది, పుస్తకం సాక్ష్యం. సాక్ష్యముంటే తీర్పును తిరగవ్రాయవచ్చు. పటం నుండి ఆ పుస్తకాన్ని మరల పుట్టించలేము. మీ ఊరి కోటనో కోనేటినో ఎవరైనా కొలిస్తే, పటంతోపాటు ఆ మురికి పుస్తకాన్ని కూడ భద్రపరచమని చెప్పండి.